పొడి రంగు

రాజోలు బస్టాండు వెనక, గ్రంధివారి కొట్లో
గాజుబల్ల మీద మూడు డ్రిల్లులు పెట్టాడు కుర్రాడు
సంతలో పుంజుల్ని నిలబెట్టినట్టు.
"ఇంట్లోకాండి? పనికాండి?"
రెంటికీ, అన్నాను.
మా ఆయన వస్తున్నాడేమోనని
నా భుజం మీంచి వీధిలోకి చూశాడు.

రాడు. ఫిట్టర్ని నేనే.
కర్టెన్ రాడ్లు, నీళ్ల ఫిల్టర్లు, గీజర్లు.
మామిడికుదురు నుంచి అంతర్వేది దాకా
పట్టపగలు, పిలిచి, కాఫీ ఇచ్చి మరీ
నా చేత కన్నం వేయించుకుంటారు.

పాతదానికి తీగ ఉండేది.
తీగ ఎంతో నా చెయ్యి అంత.
ఒక్క ప్లగ్గు కోసం ఫ్రిజ్ ఆపాలి, సీరియల్ ఆపాలి,
అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ మొహం చూడాలి.
మొన్న పంటు దిగి, లంక ఇసకలో కాళ్లీడ్చుకుంటూ వెళ్లి
నిచ్చెన ఎక్కానో లేదో కరెంటు పోయింది.
పొద్దుగూకేదాకా అరుగు మీద కూచుని
వాళ్ల మేకకి పనసాకులు తినిపించి వచ్చాను.
కూలా? ఆయ్, కన్నం పడందే కూలేంటండి.

చిన్నది ముందు తీశాను. జామకాయంత తేలిక.
చెక్కకి చాలు, రేకుకి చాలు,
శ్లాబు కింద పెడితే ఏడుస్తుంది.
పెద్దది తీసేసరికి కుర్రాడి ఛాతీ పొంగింది:
"బ్యారేజీ గోడైనా సరేనండి!"
బ్యారేజీకి కర్టెన్లు ఎవరు కడతారు నాయనా.
అయినా ఎత్తాను, తల పైకి, రెండు చేతులా.
నా పనంతా పైనే.
మనసులో వంద లెక్క.
అరవై రెండు దగ్గర మోచెయ్యి వణికింది.
నడిమిది వంద దాటింది.
పద్దెనిమిది వోల్టులు, బొగ్గులరగని మోటారు,
నా అరచేయి కొలతకి తగ్గ పిడి.

"గోడ చూపించండి" అన్నాను.
పాండురంగంగారు గల్లాపెట్టె మూసి
వెనక గదిలోకి తీసుకెళ్లారు.
వేలిముడితో కొట్టి విన్నాను.
సుత్తిబొమ్మ మీదున్న రింగుని పక్కకి తిప్పాను.
"హ్యామరు తీసేశావేంటమ్మా? డబ్బులు దానికేగా!"
"ఇది సున్నప్పనండి. దెబ్బకి పెచ్చులూడుద్ది."
వట్టి తిరుగుడుతో, మెల్లగా.
తెల్లపొడి రాలింది. తర్వాత ఎర్రది.
ఇటుక సందులోంచి మధ్యలో ఒక చిటికెడు
మెత్తటి బూడిదరంగు ఒండ్రు.
ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపారు చాలాసేపు.
"మా తాతగారు బస్తాలన్నీ అటకెక్కించిన ఏడు,"
అన్నారు. ఇంకేం అన్లేదు.

పక్కనే కొత్త దూలం. ఇప్పుడు సుత్తి.
మా నేలలో నుయ్యి తవ్వినా గులకరాయి తగలదు.
మెట్ట నుంచి లారీలో దిగిన నల్లరాయి
దూలాల్లో దాక్కుని మాకు ఎదురుతిరుగుతుంది.
మణికట్టు దాకా టకటక,
రాయి ఒప్పుకుంది.

బేరం రెండో బ్యాటరీ దగ్గర ఆగింది.
"ఒకటి చాలమ్మా ఇంటికి."
"తెడ్డు లేకుండా పడవ అమ్ముతారాండి?"
ఆయన నవ్వారు. వేళ్లకింకా ఆ ఒండ్రు ఉంది.
సగం ఇప్పుడు, సగం అట్లతద్దెకి.

రాత్రి ఎనిమిదింటికి మా వీధి చీకటి.
ఊరందరి గోడలకీ కన్నాలేసిన దాన్ని
మా ఇంట్లో అద్దం ఐదేళ్లుగా కుర్చీ మీదే.
సెల్‌ఫోను లైటు పళ్లతో పట్టుకుని
గోడ మీద పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టాను.
మీట నొక్కాను. డ్రిల్లు అరిచింది.
పక్కింటి కాసులమ్మ కేకేసింది:
"కరెంటొచ్చిందర్రోయ్!"

ఇక వీధి పొడుగునా
టప్, టప్, టప్,
చీకట్లో అందరూ స్విచ్చులు వేసుకుంటున్నారు.